‘ఉప్పు పొన్న’లో ఉప్పు ఎక్కడుంది?

మొన్న ఆదివారం భావనపాడు దగ్గర ఉప్పుటేటి గట్టున తిరుగుతుంటే వచ్చిన అనుమానం ఇది. ఒక మడ ఆకు నాలుకకు తాకించాను, ఉప్పగా ఉంది. ఎండలో చూస్తే ఆకు మీద సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తున్నాయి. ‘ఉప్పు’ అన్న మాట తగిలించాల్సింది దీనికే కదా! దీన్ని ఒట్టి ‘మడ’ అని వదిలేసి, ఊతకర్రల్లాంటి వేళ్ల మీద నిలబడే చెట్టుకు ‘ఉప్పు పొన్న’ అన్నారు. కోరంగిలో దాన్ని దగ్గరగా చూశాను, ఆకు మీద ఒక్క పలుకు లేదు.

— ఉప్పు పొన్న ఉప్పును చాలావరకు వేరు దగ్గరే ఆపేస్తుందండి. మడ లోపలికి రానిచ్చి, ఆకు మీది గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది. పేరులోని ఉప్పు రుచి కాదు, చోటు. ఉప్పుచేపలో ఉప్పు మనం వేసింది, ఉప్పు పొన్నలో ఉప్పు అది నిలబడ్డ నీళ్లది, ఉప్పుటేరులో లాగ.

— సరే, మరి ‘పొన్న’ ఎందుకు?

— ఆకు చూసే అయ్యుంటుందని నా ఊహ. పొన్న చెట్టుకీ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు గానీ రెండింటి ఆకులూ తోలులా మందంగా, నిగనిగలాడుతూ, ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. కొస చూస్తే తేడా దొరికిపోతుంది. పొన్న ఆకు కొస గుండ్రం, ఒక్కోసారి చిన్న నొక్కు, ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా. ఉప్పు పొన్నకు కొసన సూదిలాంటి మొన, వెనక నల్లటి చుక్కలు.

— తెల్ల మడలో తెలుపు పువ్వుదనుకునేవాణ్ణి. పువ్వు చూస్తే పసుపు! ఏటిగట్టున వల బాగుచేసుకుంటున్న ముసలాయన నవ్వి, “పైన సూత్తే అన్నీ ఒకలాగే ఉంటాయి బావూ, తిప్పి సూడు” అన్నాడు. తిప్పితే ఆకు వెనక సున్నం రాసినట్టుంది, కొస కోసుగా ఉంది. నల్ల మడ ఆకు కొస గుండ్రం, వెనక కాస్త పసుపు ఛాయ. మనం నిఘంటువులు తిరగేస్తున్నాం, ఆయన ఆకు తిరగేశాడు.

— మడల పక్కనే పెరిగే తిల్ల చెట్టును మరిచిపోయారు. తమిళంలో ‘తిల్లై’, చిదంబరానికి పాత పేరు ఈ చెట్టుదే. దీని ఆకులు జంటగా రావు, ఒకటి విడిచి ఒకటి వస్తాయి (బడి పుస్తకాల్లో ‘ఏకాంతరం’ అని చదివినదే). రాలేముందు ఎర్రబడతాయి. తుంచితే పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. మాస్టారూ, ఆ నాలుకకు తాకించే పని మాత్రం దీని దగ్గర పెట్టుకోకండి.

— అమ్మో! ఆ రోజు మడ పక్కనే ఎర్రాకుల చెట్టు ఒకటుంది. రెండోది కూడా రుచి చూద్దామనే అనుకున్నాను.