పదకొండు వేల మంది ఉన్న ద్వీపదేశం తన ఆకాశాన్ని ఎలా చూసుకుంటుంది?

ఆరిలోవ_ఆకాశం:
మన విశాఖ విమానాశ్రయంలో రన్‌వే, టవర్ నేవీవి, టెర్మినల్ ఏఏఐది (ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ), విమానయాన నిబంధనలు డీజీసీఏవి (కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ). ఒక్క ఊరికే ఇన్ని చేతులు కావాలి. పసిఫిక్ సముద్రంలోని టువాలు దేశం మొత్తం జనాభా దాదాపు పదకొండు వేలు. జీవీఎంసీలో ఒక సగటు వార్డులోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. మరి అలాంటి దేశం విమానయానాన్ని ఎలా నియంత్రిస్తుంది? దాని గగనతలం ఎక్కడిదాకా? సముద్రం మీదుగా పోయే విమానాలతో ఎవరు మాట్లాడతారు, ఆ ఫీజు ఎవరికి చేరుతుంది? ఇన్‌స్పెక్టర్లు లేకుండా సర్టిఫికెట్లు ఎవరిస్తారు? ఏయూలో అంతర్జాతీయ న్యాయం పేపర్ కోసం అడుగుతున్నాను, వివరంగా చెప్పగలరు.

ఏరియా_కంట్రోల్:
తమ్ముడూ, ముందు రెండు గీతల్ని విడదీసుకో. మొదటిది సార్వభౌమత్వం గీత. 1944 నాటి షికాగో ఒప్పందం 1, 2 అధికరణాల ప్రకారం నేల మీద, దాన్ని ఆనుకున్న ప్రాదేశిక జలాల మీద ఉన్న గగనతలం ఆ దేశానిదే. ప్రాదేశిక జలాలంటే గరిష్ఠంగా 12 నాటికల్ మైళ్లు, సుమారు 22 కిలోమీటర్లు. రెండోది ఎఫ్‌ఐఆర్ గీత. పోలీస్ స్టేషన్ ఎఫ్‌ఐఆర్ కాదు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్. అది బాధ్యతకు గీసిన గీత, హక్కుకు గీసింది కాదు. ఆర్కే బీచ్ నుంచి ఓ 22 కిలోమీటర్లు లోపలికి వెళ్తే మన ఆకాశం అయిపోతుంది, అయినా బంగాళాఖాతం మీద వందల మైళ్ల దాకా మన కంట్రోలర్లే సేవలందిస్తారు. అక్కడ 12వ అధికరణం ప్రకారం ఐకావో (ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ) అనుబంధం 2లోని నియమాలే నడుస్తాయి, ఏ దేశమూ సొంత నియమాలు పెట్టడానికి లేదు. చాలామంది పేపర్లలో ఎఫ్‌ఐఆర్ మొత్తాన్నీ 'దేశ గగనతలం' అని రాసేస్తారు. మార్కులు పోయేది అక్కడే.

ఇప్పుడు ద్వీపాల సంగతి. టువాలుకు సొంత ఎఫ్‌ఐఆర్ లేదు. దాని మీది ఆకాశం ఫిజీ నడిపే నాడి ఎఫ్‌ఐఆర్‌లో భాగం. వనువాటు, న్యూ కాలెడోనియా కూడా అందులోనే. మైక్రోనేషియా మీది ఆకాశాన్ని అమెరికా వాళ్ల ఓక్లాండ్ ఓషనిక్ కేంద్రం చూస్తుంది. సాలొమన్ దీవులు, నౌరు కథ వేరు. ఎఫ్‌ఐఆర్ పేరు వాళ్లదే, పై గగనతలం పని మాత్రం కాంట్రాక్టు మీద బ్రిస్బేన్‌లోని ఎయిర్‌సర్వీసెస్ ఆస్ట్రేలియా చేస్తుంది. ఈ రెండు ఏర్పాట్లూ బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ, డబ్బు దగ్గర తేడా పెద్దది. ఎఫ్‌ఐఆర్ నీదైతే ఓవర్‌ఫ్లైట్ ఛార్జీ, అంటే మీదుగా పోయే విమానాలు కట్టే ఫీజు, నీది, పని చేసినవాడికి నువ్వు రుసుము కడతావు. ఎఫ్‌ఐఆర్ పక్కవాడిదైతే నీకు వచ్చే వాటా ఎంతన్నది ఒప్పందంలో నువ్వు రాయించుకున్న దాన్నిబట్టే.

ఛార్జీకి ఆధారం 15వ అధికరణం. ఊరికే దాటి వెళ్తున్నందుకు వసూలు చేయకూడదు, చేసిన సేవకే వసూలు చేయాలి, స్వదేశీ విదేశీ తేడా చూపకూడదు. సాధారణంగా ఎగిరిన దూరం, విమానం గరిష్ఠ టేకాఫ్ బరువు కలిపి లెక్క కడతారు. ఒప్పందంలో ఏ కరెన్సీ, ఎగ్గొట్టిన బిల్లు ఎవరి నష్టం, లెక్కలు ఆడిట్ చేసే హక్కు ఎవరిది అనే మూడూ స్పష్టంగా లేకపోతే చిన్న దేశమే నష్టపోతుంది.

అసలు పని ఎందుకు అప్పగిస్తారంటే భౌతికశాస్త్రమే కారణం. వీహెచ్‌ఎఫ్ రేడియో అందే దూరం నాటికల్ మైళ్లలో కావాలంటే, అడుగుల్లో ఉన్న ఎత్తు వర్గమూలాన్ని సుమారుగా 1.23తో గుణించాలి. 35,000 అడుగుల్లో ఉన్న విమానానికి దాదాపు 230 మైళ్లు. ఆ పైన దూరం అందే హెచ్‌ఎఫ్ రేడియో గానీ, ఉపగ్రహం ద్వారా నడిచే సీపీడీఎల్‌సీ (కంట్రోలర్‌కీ పైలట్‌కీ మధ్య టెక్స్ట్ సందేశాలు), ఏడీఎస్-సీ (విమానం తానున్న చోటును తనే పంపడం) గానీ ఉండాలి. వాటికి పరికరాలు, 24 గంటల షిఫ్టులు, శిక్షణ పొందిన కంట్రోలర్లు కావాలి. రావాల్సిన కబురు రాక 30 నిమిషాలు దాటితే అనిశ్చితి దశ, అంటే విమానం క్షేమం మీద అనుమానం ఉందని, ప్రకటించాలి. ఆ గడియారాన్ని రాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా.

ఏఎంఈ_కంచరపాలెం:
సర్టిఫికెట్ల సంగతి నేను చెప్తాను. ఐకావో ఆడిట్‌లో ఒక దేశాన్ని ఎనిమిది కీలకాంశాల మీద కొలుస్తారు: మూల చట్టం, నిబంధనలు, వ్యవస్థ, అర్హతగల సిబ్బంది, మార్గదర్శకాలు పరికరాలు, లైసెన్సింగ్, నిఘా, లోపాల పరిష్కారం. జనాభా తక్కువని ఇందులో ఏ ఒక్కదానికీ మినహాయింపు లేదు.

పసిఫిక్ దేశాలు దీనికి రెండు దారులు పట్టాయి. ఒకటి, నిబంధనలు కొత్తగా రాయకుండా పెద్ద దేశానివి తీసుకోవడం. వనువాటు, సమోవా, టోంగా న్యూజిలాండ్ సివిల్ ఏవియేషన్ రూల్స్ వాడుతున్నాయి. రెండు, ఇన్‌స్పెక్టర్లను ఉమ్మడిగా పెట్టుకోవడం. వనువాటు రాజధాని పోర్ట్ విలాలో ఉన్న పసిఫిక్ ఏవియేషన్ సేఫ్టీ ఆఫీస్, పాసో, ఒక ఒప్పందం కింద అందుకే పుట్టింది. పాసో ఇన్‌స్పెక్టర్ వచ్చి తనిఖీ చేసి సిఫార్సు రాస్తాడు. సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం ఆ దేశ అధికారిదే. ఆరిలోవ గారూ, మీ పేపర్‌కి ప్రాణం ఇదే: పని అప్పగించవచ్చు, బాధ్యత అప్పగించలేరు.

దీనికి చట్టం ఒప్పుకున్న మినహాయింపు 83 బిస్ అధికరణం. విమానం ఒక దేశంలో రిజిస్టరై ఇంకో దేశపు ఆపరేటర్ నడుపుతుంటే, రిజిస్ట్రీ దేశం తన పర్యవేక్షణ బాధ్యతల్లో కొన్నిటిని ఆపరేటర్ దేశానికి లాంఛనంగా బదిలీ చేయవచ్చు. 1997 నుంచి అమల్లో ఉంది. నౌరు ఎయిర్‌లైన్స్ ఇంకా సూటి దారి పట్టింది. విమానాలు ఆస్ట్రేలియా రిజిస్ట్రీలో, ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ ఆస్ట్రేలియా రెగ్యులేటర్ కాసా దగ్గర.

తప్పులు జరిగే చోట్లు నాకు తెలిసినంతలో రెండే. విదేశీ నిబంధనల్ని 'ఎప్పటికప్పుడు సవరించిన మేరకు' అని కాకుండా ఒక తేదీతో చట్టంలో పెడతారు. అక్కడ సవరణ వస్తుంది, ఇక్కడ పాతదే మిగులుతుంది. రెండోది నిఘా. ఇన్‌స్పెక్టర్ విమానమెక్కి వచ్చి, చూసి, వెళ్లిపోతాడు. రాసిన లోపాన్ని గడువులోపు మూయించే మనిషి స్థానికంగా ఉండడు. రిజిస్టర్‌లో లోపం, గడువు, సాక్ష్యం, మూసిన తేదీ అనే నాలుగు గడులు నింపే ఒక్క ఉద్యోగి ఉన్నా ఎనిమిదో కీలకాంశం గట్టెక్కుతుంది.

అన్ని ద్వీపాలూ ఇలా ఉండవు. మాల్దీవులకు సొంత మాలే ఎఫ్‌ఐఆర్, సొంత నియంత్రణ సంస్థ ఉన్నాయి.

ఫైర్_క్రూ_ఎన్‌ఏడీ:
నేల సంగతి వదిలేశారు. విమానాశ్రయ అగ్నిమాపక కేటగిరీ విమానం పొడవు, బాడీ వెడల్పుల్ని (రెక్కలు కాదు) బట్టి ఉంటుంది. 37.6 మీటర్ల ఏ320కి కేటగిరీ 6 చాలు: రెండు బండ్లు, లెవెల్ బీ ఫోమ్‌కి (మంటలార్పే నురుగులో ఒక స్థాయి) 7,900 లీటర్ల నీళ్లు. 39.5 మీటర్ల 737-800 వస్తే కేటగిరీ 7, నీళ్లు 12,100 లీటర్లు. రెండు మీటర్ల పొడవుకి ఇంత తేడా. అయితే రద్దీ ఎక్కువగా ఉన్న వరుస మూడు నెలల్లో ఆ సైజు విమానాల రాకపోకలు 700 దాటకపోతే ఒక కేటగిరీ తగ్గించుకోవచ్చు. చిన్న ద్వీపాలు నిలబడేది ఈ వెసులుబాటు మీదే. బండి మూడు నిమిషాల్లో చేరాలన్న నియమానికి మాత్రం తగ్గింపు లేదు.

ఇంధనం ఇంకో సమస్య. చుట్టుపక్కల ప్రత్యామ్నాయ విమానాశ్రయం లేకపోతే దాన్ని ఏకాంత విమానాశ్రయంగా లెక్కిస్తారు. టర్బైన్ విమానం గమ్యం పైకి చేరాక కూడా రెండు గంటల క్రూజ్ ఇంధనం మిగలాలి, తుది రిజర్వు (చివరిదాకా ముట్టకుండా ఉంచాల్సిన ఇంధనం) అందులోనే. గంటకు సుమారు 650 కిలోలు తాగే ఏటీఆర్-72కి 1,300 కిలోలు. అంత బరువు ప్రయాణికుల్లోంచో సరుకులోంచో తగ్గుతుంది. వెనక్కి తిరగలేని బిందువు దాటే ముందు గమ్యంలో వాతావరణం, రన్‌వే స్థితి తాజాగా తెలియాలి. కాబట్టి అక్కడి వాతావరణ పరిశీలకుడు ఫోన్ ఎత్తకపోవడం కూడా భద్రతా లోపమే. టువాలులోని ఫునాఫుటి రన్‌వే మీద సాయంత్రాలు జనం ఆటలాడుకుంటారు, విమానం వచ్చే ముందు సైరన్ మోగిస్తారు. ఆ సైరన్ పనిచేస్తుందా లేదా అన్నది అక్కడి తనిఖీలో మొదట చూడాల్సింది.

ఆరిలోవ_ఆకాశం:
ధన్యవాదాలండీ. ప్రమాదం జరిగితే? నిబంధనలు పెట్టిన అధికారే విచారణ చేస్తే ఎలా?

ఏఎంఈ_కంచరపాలెం:
కుదరదు. అనుబంధం 13 ప్రకారం విచారణ స్వతంత్రంగా ఉండాలి, కానీ ప్రమాదం జరిగిన దేశం దాన్ని మొత్తంగానో కొంతగానో వేరే దేశానికి అప్పగించవచ్చు. 2018 సెప్టెంబరు 28న పాపువా న్యూగినీ సంస్థ ఎయిర్ నియుగిని 737-800 మైక్రోనేషియాలోని చూక్ దగ్గర రన్‌వే చేరకముందే ఉప్పునీటి లగూన్‌లో దిగింది. 47 మందిలో ఒకరు చనిపోయారు. మైక్రోనేషియా ఆ విచారణను తర్వాత పాపువా న్యూగినీ ప్రమాద విచారణ కమిషన్‌కి అప్పగించింది. ప్రాథమిక నివేదికకు 30 రోజులే గడువు, కాబట్టి ఈ ఒప్పందాలు ప్రమాదానికి ముందే సంతకమై ఉండాలి. స్థానికులకు నేర్పాల్సింది ఇంకోటి ఉంది. రికార్డర్లు (బ్లాక్ బాక్సులు) సముద్రంలోంచి తీస్తే ఆరబెట్టకూడదు, మంచినీళ్లలో ముంచి అలాగే ల్యాబ్‌కి పంపాలి. గాలి తగిలితే ఉప్పు బోర్డుల్ని తినేస్తుంది.