లైసెన్స్ ఇక్కడ సస్పెండ్ అయితే, ఇచ్ఛాపురం దాటాక నడపొచ్చా?

పలాస కుర్రాడు:
మా బావకి టాటా ఏస్ ఉంది. పలాస నుంచి ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాలోని బరంపురానికి జీడిపప్పు పెట్టెలు తోలుతాడు. పోయిన నెల పెళ్లి నుంచి వస్తూ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. కోర్టులో జరిమానా కట్టాడు, లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేశారు. "అది ఆంధ్రాలోనే కదా, ఇచ్ఛాపురం వరకు నువ్వు నడుపు, అక్కణ్ణుంచి నేను పట్టుకుంటా" అంటున్నాడు. నడపొచ్చా?

రణస్థలం రాజు:
నడపనీ తమ్ముడూ. తాగి నడుపుతానని అనట్లేదు కదా. జరిమానా కట్టేశాడు. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్లు మూడు నెలలు ఆగుతారా?

పాతపట్నం మాస్టారు:
రాజు గారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. 1988 మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ దేశమంతటా చెల్లుతుంది. ఆంధ్రా లైసెన్స్‌తో ఒడిశాలో నడపగలుగుతున్నది అందుకే. ఆ లైసెన్సే సస్పెన్షన్‌లో ఉంటే అక్కడ ఏం చూపిస్తాడు? తాగి నడిపితే కనీసం మూడు నెలలు సస్పెండ్ చెయ్యమని 2015లో సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. సస్పెన్షన్‌లో ఉండి నడిపితే 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

జరిమానా కన్నా నాకు భయం బీమా గురించి. కొన్నేళ్ల క్రితం మా వీధి అతను ఇలాగే పర్లాకిమిడి వైపు నడిపాడు. పాల క్యాన్లు కట్టుకుని సైకిలు మీద వస్తున్న పెద్దాయన్ని గుద్దాడు. ఆ రోజు చుక్క తాగలేదు. రోడ్డంతా పాలు, ఒక చెప్పు అటు, ఒకటి ఇటు. నేను కళ్లారా చూశాను. బీమా కంపెనీ ఆ కుటుంబానికి డబ్బు కట్టి, తర్వాత అదంతా ఇతని దగ్గర వసూలు చేసింది. ఇల్లు అమ్ముకున్నాడు.

రణస్థలం రాజు:
చట్టం సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ సొంత కారున్నవాడు మూడు నెలలు ఆటో ఎక్కుతాడు. బండే కూడు పెట్టేవాడు ఏం తింటాడు? ఇద్దరికీ ఒకే శిక్ష న్యాయం కాదు.

పాతపట్నం మాస్టారు:
ఆ మాట నిజం, నాకూ బాధే. దానికి దారి అప్పీలు. లైసెన్సింగ్ అధికారి ఇచ్చిన ఉత్తర్వు అయితే, అది చేతికందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. కుర్రాడా, కాగితం మీద తేదీ చూడు.

పలాస కుర్రాడు:
చూశాను మాస్టారూ, ఇంకా పదకొండు రోజులున్నాయి. బరంపురంలో కొత్త లైసెన్స్ తీసుకుంటానని కూడా అంటున్నాడు.

పాతపట్నం మాస్టారు:
వద్దు. సస్పెన్షన్‌లో ఉండగా ఇంకొకటి తీసుకోవడమూ అదే 182 కింద నేరం. అలా తీసుకున్నది చెల్లదు కూడా.

పలాస కుర్రాడు:
సరే. ఎల్లుండి లోడు బరంపురం దాకా నేనే తోలుతున్నాను. తాళం నా దగ్గరే ఉంది. బావ పక్కన కూర్చుంటానన్నాడు.