లెక్కలకి మేడమ్ పోయి సార్ వస్తే ఆడపిల్లల చదువులో తేడా వస్తుందా?

మా పాప ఎనిమిదో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూల్. పోయినేడు లెక్కలు చెప్పిన మేడమ్ బదిలీ అయ్యి ఇప్పుడు సార్ వచ్చారు. సార్ మంచివారే, ఓపిగ్గా చెప్తారంటున్నారు. కానీ మొన్న రఫ్ నోట్స్ తిరగేస్తే చివరి పేజీలో పెన్సిల్‌తో పదకొండు డౌట్లు రాసుకుని ఉంది, ఒక్కదానికీ టిక్ లేదు. సార్‌ని అడగలేదా అంటే "ఎలా అడగను, అబ్బాయిలందరూ చూస్తారు" అంది. స్లిప్ టెస్టులో 20కి 17 తెచ్చుకునేది, ఇప్పుడు 11. ఆడపిల్లకి మేడమే ఉండాలి, స్కూల్ మార్పించండని మా అత్తయ్య ఒకటే పోరు. నిజమేనా, నాదే అనవసరపు టెన్షనా?

జవాబు 1:
నాకు ఇంటర్ దాకా లెక్కలు చెప్పిందంతా సార్లే, ఏం తక్కువైంది? పైగా "ఆడపిల్లలకి లెక్కలెక్కడ ఎక్కుతాయిలే" అని నవ్విన ఒకే ఒక్క మనిషి మేడమే.

జవాబు 2:
దీని మీద మన దగ్గరే పరిశోధన జరిగిందండీ. కార్తీక్ మురళీధరన్, కేత్కీ సేఠ్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లల మార్కులు ఐదేళ్ళపాటు చూశారు, పేపర్ 2016లో వచ్చింది. మేడమ్ చెప్పిన ఏడాది మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లలు కాస్త ఎక్కువ నేర్చుకున్నారు, మగపిల్లలకి నష్టమూ జరగలేదు. కానీ ఆ "కాస్త" 0.04 స్టాండర్డ్ డీవియేషన్ (పిల్లల మార్కులు సగటుకి ఎంత అటూఇటూగా ఉంటాయో చెప్పే కొలత) కూడా లేదు, అంటే చాలా చిన్న తేడా. 17 కాస్తా 11 అయిందంటే వేరే కారణం వెతకాల్సిందే. అమెరికా వైమానిక దళ అకాడమీలో ఎవరికి ఏ ప్రొఫెసర్ అన్నది విద్యార్థి చేతిలో ఉండదు కాబట్టి అక్కడి పోలిక ఇంకా గట్టిది. లెక్కలు, సైన్సు మేడమ్ చెప్తే అమ్మాయిల గ్రేడ్లు పెరిగాయి, అదీ లెక్కల్లో ముందే చురుగ్గా ఉన్నవాళ్ళకి ఎక్కువ.

జవాబు 3:
నేను లెక్కల సార్‌నే అమ్మా, ఇరవై ఏళ్ళ సర్వీసు. తప్పు మాలోనూ ఉంది. డౌట్ ఉంటే లేచి అడగండి అంటాం, మగపిల్లలు లేస్తారు, ఆడపిల్లలు "అర్థమైంది సార్" అని కోరస్ ఇస్తారు, మేం తర్వాతి లెక్కకి పోతాం. మేడమ్ అయితే వెళ్ళి బెంచీలో పక్కన కూర్చుంటారు, మేం అక్కడ కూర్చోవాలంటే ఎవరేమనుకుంటారో అని వెనకాడతాం. అందుకే ఖాళీ చాక్‌పీసుల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, డౌట్ చీటీ మీద రాసి పడేయండి, పేరక్కర్లేదు అన్నాను. మొదటి వారం రెండు చీటీలు, ఆ తర్వాత డబ్బా చాలలేదు, చేతిరాత చూస్తే ఎక్కువ ఆడపిల్లలవే. స్కూల్ సంగతి తర్వాత, ముందు ఆ పేజీ సార్‌కి చూపించండి.

అడిగినవారు:
నిన్న వెళ్ళి చూపించాను. సార్ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. ఇవాళ వాటిలో మూడు బోర్డు మీద చేశారట, ఎవరివో చెప్పకుండా. నాలుగో డౌట్ పక్క బెంచీ అమ్మాయి లేచి అడిగిందట, మాది ఇంకా లేవలేదు. అత్తయ్య మాత్రం మేడమే అంటున్నారు.