48 వేలు పెట్టి స్టాండ్ మిక్సర్ కొనొచ్చా? ఇంట్లో కేకులు చేసేవాళ్ళు చెప్పండి

రాయగడ_కేకులు

అందరికీ నమస్కారమండీ. మాది ఒడిశాలో రాయగడ. మూడేళ్ళ నుంచి ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతున్నాను, మామూలు రోజుల్లో వారానికి ఐదారు ఆర్డర్లు, డిసెంబరు వచ్చిందంటే మాత్రం క్రిస్మస్‌కి గుణుపురం వైపు నుంచి కూడా అడుగుతారు, పోయినేడు ఆ ఒక్క నెల్లో 40 దాకా చేశాను, ఆఖరి వారం రాత్రి రెండింటిదాకా మేలుకునే ఉన్నాను.

ఇప్పటిదాకా హ్యాండ్ మిక్సరే. మొదటిది ఏడాదిన్నర వచ్చింది, రెండోది పది నెలలకే కాలిపోయింది. కాలిన రోజు బన్నుల పిండి దానితోనే కలుపుతున్నాను, వాసనొచ్చింది, ఆపేలోపే పొగ. ఇక ఇలా ఏడాదికొకటి కొనుక్కుంటూ పోవడం కంటే ఒకేసారి మంచిది కొందామని కిచెన్ఎయిడ్ కంపెనీ స్టాండ్ మిక్సర్, 4.8 లీటర్లది అడిగాను, నాకు చెప్పిన రేటు 48 వేలు. మా ఆయన వద్దనలేదు గానీ ఆ డబ్బు వచ్చే ఏడాది పాప కాలేజీ ఫీజుకని దాచింది, అందుకే చెయ్యి రావట్లేదు.

ఇంకో దారి ఉంది. మా అక్క డల్లాస్‌లో ఉంటుంది, జనవరిలో వస్తోంది, తను వాడకుండా పక్కన పెట్టేసిన కిచెన్ఎయిడ్ తెచ్చిస్తానంటోంది. అది ఇక్కడ కరెంటుకి పనిచేస్తుందా? మళ్ళీ ఆన్‌లైన్‌లో పదివేల లోపు స్టాండ్ మిక్సర్లు కూడా కనిపిస్తున్నాయి, వాటి మీద 1000 వాట్లు, 1200 వాట్లు అని ఉంటోంది, 48 వేలదాని మీదేమో 300 వాట్లే ఉంది. ఇదే నాకు అస్సలు అర్థం కాలేదు. సాయంత్రం పూట మా వీధిలో వోల్టేజీ కూడా తక్కువే, ఫ్యాన్ తిరిగేది చూస్తేనే తెలిసిపోతుంది.

వాడినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గుణుపురం_పిన్ని

అమ్మా, నా దగ్గర ఆ సైజుదే ఉంది, ఆరేళ్ళయింది కొని. పనికొస్తుందా రాదా అంటే నువ్వేం కలుపుతావన్నదాని మీద ఉంటుంది, అదొక్కటి ముందు తేల్చుకో.

నీ పనిలో ఎక్కువ భాగం క్రీమ్ కొట్టడం, ప్రీమిక్స్‌తో స్పాంజ్ చెయ్యడమే అయితే 48 వేలు వద్దు. డబ్బా క్రీమ్ హ్యాండ్ మిక్సర్‌తో కూడా అంతే బాగా లేస్తుంది, కాకపోతే మన ఎండల్లో గిన్నె కింద ఐసు పెట్టుకోవాలి, ఆ ఐసు స్టాండ్ మిక్సర్‌కీ తప్పదు. ఎగ్‌లెస్ అయితే అసలు ఎక్కువ కలపకూడదు, మైదా వేశాక మిషన్‌లో ఎంత తిప్పితే కేకు అంత సాగుతుంది, నేను ఇప్పటికీ అది చేత్తో గరిటెతోనే కలుపుతాను. ఇంకో సంగతి, అంత పెద్ద బౌల్‌లో ఒక గుడ్డు తెల్లసొన, పావు లీటరు క్రీమ్ లాంటివి వేస్తే విస్క్‌కి సరిగా అందవు. అరకేజీ కేకు ఒక్కటే చేసే రోజు నేను హ్యాండ్ మిక్సరే తీస్తాను.

ఏ పనికి డబ్బు గిట్టిందంటే, ఒకటి గుడ్లతో చేసే స్పాంజ్. ఆరు గుడ్లూ పంచదారా వేసి తిప్పి వదిలేస్తే పది నిమిషాల్లో తెల్లగా రిబ్బనులా జారేదాకా వస్తుంది, ఆ పది నిమిషాల్లో నేను టిన్నుకి కాగితం వేసుకుంటా, మైదా జల్లించుకుంటా. చేతులు ఖాళీ అవుతాయి చూడు, డిసెంబరులో దాని విలువ తెలుస్తుంది. రెండోది బన్నుల పిండి. కేజీ లోపు మైదా, పిండి పిసికే హుక్ పెట్టి రెండో స్పీడులో ఎనిమిది నిమిషాలు, వేళ్ళతో సాగదీస్తే పల్చగా తెరలా వచ్చి చిరగదు, చేత్తో అది రావాలంటే ఇరవై నిమిషాలు పిసకాలి. మూడోది ఛెనాపోడా, అదే విరగ్గొట్టిన పాల ముద్దతో (ఛెనా) కాల్చే ఒడియా స్వీటు. కేజీ ఛెనా, పంచదార, కాస్త సూజీ వేసి చదునుగా ఉండే బీటర్‌తో తిప్పితే పలుకు లేకుండా వచ్చేస్తుంది, మా ఇంటికి రథయాత్రకి వచ్చిన ఒడియా చుట్టాలు కూడా బాగుందన్నారు.

చపాతీ పిండి కోసం మాత్రం కొనకు. గోధుమపిండి హుక్ పైకి ఎగబాకుతుంది, మాటిమాటికీ ఆపి కిందికి తొయ్యాలి. ఇంట్లో నలుగురికి చేతితో కలుపుకోవడమే చప్పున అవుతుంది. అరిసెల చలిమిడి అందులో వేద్దామని మా అత్తగారు ఒకటే అడిగారు, నేను ఒప్పుకోలేదు. పాకం పిండి చల్లారేకొద్దీ గట్టిపడిపోతుంది, మోటారు మీద అంత బరువు పెట్టకూడదు.

ఒక తప్పు నేను చేశాను, నువ్వు చెయ్యకు. అల్యూమినియం బీటర్ డిష్‌వాషర్‌లో పెట్టేశాను (వైజాగ్‌లో మా అబ్బాయింట్లో), నల్లబారిపోయి ముట్టుకుంటే చేతికి బూడిదరంగు అంటుకునేది, మళ్ళీ కొనాల్సొచ్చింది. చేత్తో కడిగి వెంటనే తుడవాలి, లేదంటే స్టీలు బీటర్ కొనుక్కోవాలి.

జయపురం_బేకరీ

చెల్లెమ్మా, నాకు జయపురంలో చిన్న బేకరీ ఉంది. మీ హ్యాండ్ మిక్సర్ కాలింది క్రీమ్ వల్ల కాదు, బన్నుల పిండి వల్ల. ఆ చిన్న మోటారు క్రీమ్ లాంటివి కొట్టడానికే గానీ పిండి పిసకడానికి కాదు, కొన్నిటితో మెలికల రాడ్లు రెండు ఇస్తారు, వాటిని చూసి అందరూ మోసపోతారు.

ఇంట్లో వాడే ఈ స్టాండ్ మిక్సర్ కూడా బేకరీ మిషన్ నుంచే పుట్టింది. అమెరికాలో హోబార్ట్ అనే కంపెనీ ముందు బేకరీలకి పెద్ద పిండి మిషన్లు చేసేది, దాన్నే చిన్నది చేసి 1919లో ఇంటికి తెచ్చింది, కిచెన్ఎయిడ్ అంటే అదే. బీటర్ తన చుట్టూ తను తిరుగుతూ, దానికి ఎదురు దిక్కున బౌల్ చుట్టూ కూడా తిరుగుతుంది, గ్రహాలు తిరిగినట్టు అని దాన్ని ప్లానెటరీ అంటారు. ఆ తిప్పు వల్లే అంచున ఉన్న పిండి కూడా మిగలకుండా కలుస్తుంది.

నా మాట ఏంటంటే, మీరు డిసెంబరులో 40 కేకులు చేసేవాళ్ళు, రేపు 80 అవుతాయి, అప్పుడు 4.8 లీటర్లు కూడా చాలదు. బేకరీ సామాన్ల దుకాణాల్లో 10 లీటర్ల ప్లానెటరీ మిక్సర్ దొరుకుతుంది, సింగిల్ ఫేజ్‌దే, అంటే ఇంటి కరెంటుకే నడుస్తుంది, మూడు గేర్లు. నేను మూతపడిన ఒక షాపు నుంచి సెకండ్ హ్యాండ్‌లో 22 వేలకి తీసుకున్నా, ఇప్పటికి ఐదేళ్ళు, బెల్టు ఒక్కసారి మార్చా. అయితే అది యాభై కేజీల పైన ఉంటుంది, వంటింటి బల్ల మీద పెట్టేది కాదు, చప్పుడు కూడా ఉంటుంది, అపార్ట్‌మెంట్ అయితే కింద ఇంటివాళ్ళు ఊరుకోరు. గేరు మార్చాలంటే ప్రతిసారీ ఆపే మార్చాలి, తిరుగుతుండగా మారిస్తే పళ్ళు పోతాయి. సొంతిల్లు, వెనకాల ఒక గది ఉంటే ఆలోచించండి.

పర్లాకిమిడి_మోటార్ పని

అక్కా, నాను మోటార్లు రివైండింగ్ చేస్తాను పర్లాకిమిడిలో, మిక్సీలు గ్రైండర్లు రోజూ వస్తాయి మా షాపుకి. కరెంటు సంగతి నాను చెప్తాను.

అమెరికాది నేరుగా మన ప్లగ్గులో పెట్టకండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. పిన్ను మార్చే అడాప్టరు ఒకటి పెట్టీసి స్విచ్ వేస్తే స్పీడు బోర్డుతో సహా నిమిషంలో పోద్ది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే తిరుగుద్ది, ఎందుకంటే ఇందులో ఉన్నది కార్బన్ బ్రష్షుల మోటారు, దానికి హెర్ట్జ్ తేడా పెద్దగా లెక్కలేదు. కాపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఇనప కోరుది, నిజంగా 1000 వీఏ (వోల్ట్ ఆంపియర్లు, దాని సామర్థ్యం లెక్క) ఇచ్చేది కావాలి. ప్రయాణాల్లో వాడే అరచేతిలో పట్టే తేలిక డబ్బాలు దీనికి కుదరవు. ట్రాన్స్‌ఫార్మరే పది కేజీల దాకా ఉంటాది, మిషన్ ఇంకో పది పదకొండు, మీ అక్క సూట్‌కేసు 23 కేజీలే కదా, సగం మిషన్‌కే పోద్ది. కంపెనీ వారంటీ కూడా అలాగ వాడితే రాదు. ఆవిడ వాడకుండా ఉంచీసింది కాబట్టి ఊరికే వస్తాదంటే తెచ్చుకోవచ్చు, అక్కడ కొత్తది కొని తెమ్మనడం మాత్రం దండగ.

వాట్ల సంగతి. డబ్బా మీద రాసీ వాట్లు అది ఎంత కరెంటు తాగుద్దో చెప్తాయి, హుక్ దగ్గర ఎంత బలం వస్తాదో చెప్పవు. 300 వాట్లదానిలో మోటారు నుంచి ఇనప గేర్లతో నేరుగా బీటర్‌కి వస్తాది, మెల్లగా తిప్పినా బలంగా తిప్పుద్ది. చవక వాటిలో చాలా వాటికి మోటారు బాగా స్పీడుగా తిరిగి బెల్టుతోటో ప్లాస్టిక్ గేర్లతోటో తగ్గించుకుంటాది, ఆ తగ్గించీ చోటే వేడీ చప్పుడూ అన్నీ. అన్నీ పనికిరావనను, కేకు పిండికి క్రీముకి బాగానే తిరుగుతాయి, గట్టి పిండి పెట్టినప్పుడే మా షాపుకొస్తాయి. ఇనప గేర్లవాటిలో ఒక గేరు కావాలనే కాస్త మెత్తగా పెడతారు, బరువు మరీ ఎక్కువైతే అది అరిగి మోటారు బతుకుద్ది. ఆ గేరు, బ్రష్షులు మార్చుకోవచ్చు, అందుకే ఇరవై ఏళ్ళ మిషన్లు కూడా తిరుగుతున్నాయి.

మీ వీధి వోల్టేజీ ముందు కొలిపించండి అక్కా, సాయంత్రం ఏడింటికి, తెల్లారి కాదు. 180 కంటే దిగితే ఏ మిషన్ కొన్నా స్టెబిలైజర్ పెట్టుకోండి, లేదంటే పిండి పని పొద్దున్నే చేసుకోండి. బేకరీ అన్నయ్య చెప్పిన పెద్ద మిషన్‌కి ఇది ఇంకా ముఖ్యం, దానిలో ఉన్న మోటారు వేరే రకం, వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కిపోద్ది.

రాయగడ_కేకులు

ముగ్గురికీ చాలా థ్యాంక్సండీ. నిన్న రాత్రి కూర్చుని పోయిన మూడు నెలల ఆర్డర్ల పుస్తకం తిరగేశాను, మొత్తం 70 కేకుల్లో గుడ్లతో చేసినవి 19, మిగతావన్నీ ఎగ్‌లెస్సే. బన్నులు ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు, నేనే మొదలుపెడదామని చూస్తున్నాను, మా వీధిలో టిఫిన్ బండి ఆయన రోజూ 60 పావ్‌లు తీసుకుంటానన్నాడు. ఆయన మాట నిజంగా నిలబడితేనే మిషన్ అవసరం, లేకపోతే లేదు, పిన్నిగారు చెప్పాక ఇది స్పష్టంగా కనిపించింది. వోల్టేజీ కూడా కొలిపించాను తమ్ముడూ, ఏడున్నరకి 184 ఉంది, పొద్దున్న ఆరింటికి 226.

పెద్ద మిషన్ మాకు కుదరదన్నయ్యా, అద్దె ఇల్లు, మేడ మీద.

పిన్నిగారూ, 60 పావ్‌లకి మైదా రెండు కేజీల దాకా అవుతుంది, మీ దాంట్లో రెండుసార్లుగా వెయ్యొచ్చా, వెంటవెంటనే?

గుణుపురం_పిన్ని

రెండు కాదమ్మా, మూడుసార్లుగా వెయ్యి. ఒక్కో వాయికి 700 గ్రాములు. రెండు వాయిలయ్యాక మోటారు పైన చెయ్యి పెట్టి చూడు, చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే అరగంట ఆపు. మొదటి పిండి ఎలాగూ పొంగడానికి గంట పడుతుంది, నీకు టైము పోయేదేం లేదు. స్పీడు మాత్రం రెండు దాటనివ్వకు, తొందరపడి నాలుగులో పెట్టి పాడుచేసుకున్నవాళ్ళే ఎక్కువ.

అయినా ఇన్ని మాటలెందుకు, గుణుపురం మీకు బస్సులో ఎంతసేపు. ఒక ఆదివారం నువ్వు వాడే మైదా, నువ్వు వాడే ఈస్టే పట్టుకుని రా. మా మిషన్‌లో నీ 60 పావ్‌లూ చేసి కాల్చుకుని పట్టుకెళ్ళు, ఆ బండి ఆయనకిచ్చి డబ్బులు తీసుకుని చూడు. అలా ఒక నెల హ్యాండ్ మిక్సర్ కొత్తది 2 వేలది పెట్టుకుని క్రీమ్‌కి నడుపుకో, పావ్‌లు చేత్తో పిసుకు, కష్టమే, కానీ ఆయన రోజూ తీసుకుంటాడో లేదో ఆ నెల్లో తెలిసిపోతుంది. పాప ఫీజు డబ్బు అంతదాకా ముట్టుకోకు.

పర్లాకిమిడి_మోటార్ పని

184 పరవాలేదక్కా, స్టెబిలైజర్ అక్కర్లేదు, పిండి పని మాత్రం పొద్దున్నే పెట్టుకోండి. ఆ కాలిపోయిన రెండు హ్యాండ్ మిక్సర్లూ పారీకండి, వాసనొచ్చింది అన్నారు కాబట్టి ఒకదానికి ఆర్మేచరే (మోటారు లోపల తిరిగే తీగచుట్ట) పోయుంటాది, రెండిట్లో కలిపి ఒకటి బతికించొచ్చేమో. ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి, చూసి చెప్తాను.

రాయగడ_కేకులు

పంపిస్తా తమ్ముడూ, మా మరిది శుక్రవారం పర్లాకిమిడి వస్తున్నాడు. పిన్నిగారూ, వచ్చే ఆదివారం పొద్దున్న ఫస్ట్ బస్సుకి వస్తాను. మైదా రెండు కేజీలు, ఈస్టు, నా ట్రేలు తెచ్చుకుంటాను. మీ ఓవెన్‌లో ట్రే ఎంత పొడవుది పడుతుందో కొలిచి చెప్పరా?

గుణుపురం_పిన్ని

పద్నాలుగు అంగుళాలు పడుతుంది. ట్రేలు రెండు చాలు, పాలు తేకు, ఇక్కడ ఉన్నాయి. దిగగానే ఫోను చెయ్యి, నంబరు విడిగా మెసేజ్‌లో పెట్టాను.