కడుపు క్యాన్సర్: పుట్టుకతో వచ్చిన జన్యువును చూసి ఆయుష్షు చెప్పొచ్చా?

గోదారి గట్టు:
నాన్నకు 61 ఏళ్లు. కడుపు క్యాన్సర్, మూడో స్టేజి. ఆపరేషన్‌కు ముందు కీమో ఇస్తున్నారు. తెలిసినవాళ్లు చెప్పారని రక్తం ఇచ్చి జన్యు పరీక్ష కూడా చేయించాం. రిపోర్టులో ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను అందుకునే రిసెప్టర్ జన్యువు ఈఎస్ఆర్1 పక్కన ఎర్ర అక్షరాల్లో ‘మనుగడ తక్కువగా ఉండే అవకాశం’ అని ఉంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఆ లైను మీద వేలు ఉంచి, "ఎన్ని నెలలని రాశార్రా?" అని అడిగారు. రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. దీన్ని నమ్మాలా?

పరిశోధన విద్యార్థి:
పూర్తిగా కొట్టిపారేయకండి. ఈ జబ్బు ఆడవాళ్ల కంటే మగవాళ్లకు దాదాపు రెట్టింపు వస్తుంది. ఈస్ట్రోజెన్ కాపాడుతోందేమోనన్న అనుమానం అక్కడే మొదలైంది. ఆ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ జన్యువులో చిన్న తేడా ఉన్నా కణం తీరు మారొచ్చు. ఫలానా రకం ఉన్నవాళ్లు తక్కువకాలం బతికారని చెప్పిన అధ్యయనాలు ఉన్నాయి.

లెక్కల మాస్టారు:
మగవాళ్లకు ఎక్కువ రావడం ఒక సంగతి, వచ్చినవాళ్లు ఎంతకాలం బతుకుతారన్నది ఇంకో సంగతి. మొదటిదాన్ని చూపించి రెండోది తేల్చలేం.

ఇక లెక్క చూడండి. ఏ సంబంధమూ లేని 20 జన్యు తేడాలను మామూలు 5 శాతం గీటురాయితో (అంటే సంబంధం లేకున్నా వందలో ఐదుసార్లు ఉన్నట్టు కనిపించేలా) పరీక్షిస్తే, కనీసం ఒకటైనా ‘దొరికింది’ అనిపించే అవకాశం 64 శాతం. దొరికిందే పేపరుకెక్కుతుంది, మిగతావి మరుగున పడతాయి. డిప్రెషన్ విషయంలో ఇదే జరిగింది. ఏళ్ల తరబడి పేరు మోసిన 18 జన్యువులను 2019లో లక్షలమంది డేటాతో పరీక్షిస్తే, ఊరికే ఏరిన జన్యువుల కంటే ఎక్కువేమీ తేలలేదు.

పరిశోధన విద్యార్థి:
మరి కుటుంబాల్లో కడుపు క్యాన్సర్ తెచ్చే సీడీహెచ్1 జన్యువు మార్పు? అదీ పుట్టుకతో వచ్చేదే కదా మాస్టారూ.

లెక్కల మాస్టారు:
అవును, 1998లో న్యూజిలాండ్ మావోరీ కుటుంబాల్లో బయటపడింది. కానీ అది అరుదైన, చాలా బలమైన మార్పు. ఉందని తెలిస్తే ఇంట్లో మిగతావాళ్లు జబ్బు రాకముందే కడుపు తీయించుకోవాలా అని ఆలోచిస్తారు, అంటే వైద్యం మారుతుంది. ఈఎస్ఆర్1 రిపోర్టు వల్ల మీ నాన్నగారి కీమోలో ఒక్క చుక్కయినా మారుతుందా? మారదు బాబూ. ఆయన విషయం తేల్చేవి గడ్డ ఎంత లోతుకు దిగింది, ఎన్ని లింఫ్ గ్రంథులకు పాకింది, ఆపరేషన్‌లో అంతా తీయగలిగారా అన్నవే.

గడ్డ ముక్క మీద చేసే పరీక్షలు వేరు. గడ్డ కణాల మీద ఉండే హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న ముదిరిన కడుపు క్యాన్సర్‌లో, కీమోకు దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు కలిపితే మధ్యస్థ ఆయుష్షు 11.1 నెలల నుంచి 13.8కి పెరిగిందని 2010 ట్రయల్ చెప్పింది. అలాంటివి అడగండి.

పరిశోధన విద్యార్థి:
పరిశోధన ఆగకూడదన్నదే నా మాట. రోగి రిపోర్టులో ఎర్ర అక్షరాలతో రాయడాన్ని మాత్రం నేనూ ఒప్పుకోను.

గోదారి గట్టు:
ఆ పేజీ ఫైల్లోంచి తీసేశాను. "అందులో నెలలేమీ లేవు నాన్నా, నీ మందులూ మారవు" అని చెప్పాను. గురువారం డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం. బయాప్సీ ముక్క మీద హెర్2 చూశారా అని అడుగుతాను.