ఆయుధం పట్టవద్దని చెప్పే అర్హత ఎవరికి ఉంది?

ప్రశ్న:
అణచివేతకు గురైనవారు ఎదురు తిరిగితే, ఆ దెబ్బ తగలని మనవంటివారు మొదట ఆరా తీసేది వారు శాంతియుతంగా ఉన్నారా లేదా అన్న సంగతే. 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లజాతివారు ఎక్కడికి వెళ్లినా అనుమతి పత్రం చూపాలనే పాస్ చట్టాలను నిరసిస్తూ గుమిగూడిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు; అధికారిక లెక్కల ప్రకారమే 69 మంది చనిపోయారు. కొద్ది వారాలలోనే నల్లజాతివారి హక్కుల కోసం పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను నిషేధించారు. సభ పెట్టుకోవడానికీ, అర్జీ ఇచ్చుకోవడానికీ దారి లేకుండా చేసిన తరువాత కూడా అహింసనే పాటించమనడం నీతిబోధ అవుతుందా, పీడకుడికి చేసే సాయం అవుతుందా?

మొదటి జవాబు:
అహింస అంటే దెబ్బలు ఓర్చుకోవడమేనన్న ఊహ మీ ప్రశ్నలో ఉన్నట్టుంది. దాని అసలు బలం సహాయ నిరాకరణలో ఉంది. అమెరికాలోని మాంట్‌గొమరీ నగరంలో నల్లజాతివారు, బస్సుల్లో జాతి వివక్షను నిరసిస్తూ 1955 డిసెంబరు నుంచి 381 రోజులపాటు సిటీ బస్సులు ఎక్కలేదు. కంపెనీకి రాకుండా పోయిన టికెట్ డబ్బే ఆ నిరాకరణకు పదును పెట్టింది. అంటే, పీడకుడికి పీడితులతో ఏదో ఒక అవసరం ఉన్నంతవరకే ఈ మార్గం పనిచేస్తుంది. 1943 నాటికి పోలండ్‌లోని వార్సా ఘెట్టోలో, అంటే యూదులను నిర్బంధించిన వాడలో, మిగిలినవారి నుంచి నాజీలు ప్రధానంగా కోరుకున్నది శ్రమనో విధేయతనో కాదు, వారు లేకుండా పోవడాన్నే. అక్కడ నిరాకరించడానికి ఏం మిగిలింది? జర్మనీ యూదులకు 1938లో గాంధీ సత్యాగ్రహం సూచించినప్పుడు, యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ ఆ పోలికే చెల్లదని బదులు రాశారు. ఈ ఒక్క విషయంలో నేను బూబర్ పక్షం.

రెండవ జవాబు:
ఆయుధం తప్పనిసరి అయినంత మాత్రాన, దానితో చేసిన ప్రతి పనీ ఒప్పయిపోదు. 1961 డిసెంబరు 16న దాడులు మొదలుపెట్టిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ విభాగం ఉమ్‌ఖొంతో వె సిజ్‌వె, ప్రాణనష్టం లేని విధ్వంసాన్నే ముందు ఎంచుకున్నది. రేపు జాతుల మధ్య సయోధ్యకు ఎక్కువ ఆశ మిగిల్చే మార్గం అదేనని 1964లో మండేలా కోర్టులో వివరించారు. అదే సంస్థ 1983లో ప్రిటోరియాలో పెట్టిన కారు బాంబుకు 19 మంది బలయ్యారు, వారిలో దారినపోయే పౌరులూ ఉన్నారు. వర్ణవివక్ష పాలన ముగిశాక ఆ కాలపు ఉల్లంఘనలను విచారించిన సత్య శోధన, సయోధ్యల కమిషన్ వర్ణవివక్ష ప్రభుత్వాన్ని ప్రధాన దోషిగా చూపుతూనే, న్యాయమైన పోరాటం చేసినవారి ఉల్లంఘనలను కూడా ఉల్లంఘనలుగానే నమోదు చేసింది. మీ ప్రశ్నకు నాకు తెలిసినంతలో నిజాయితీ గల సమాధానం అదే.

మూడవ జవాబు:
సాయుధ దళానికి రహస్యం కావాలి, రహస్యానికి అనుమానం తోడవుతుంది. శత్రువు మాట అటుంచితే, ద్రోహి అన్న ముద్రతో సొంత మనుషులనే చంపుకోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
బూబర్ ప్రస్తావన నన్ను చౌరీచౌరాకు తీసుకువెళ్లింది. 1922 ఫిబ్రవరిలో అక్కడ ఆగ్రహించిన గుంపు 22 మంది పోలీసులను చంపితే, గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపివేశారు. పిరికితనం, హింస ఈ రెండే మిగిలితే హింసనే ఎంచుకోమంటానని 1920లో రాసినవారే ఆయన. ఉద్యమం లోపల నిలబడి, తానూ జైలుకు వెళ్లినవారు కనుక ఆ అర్హత ఆయనకు ఉందని నేను ఇంతకాలం అనుకున్నాను. అయితే ఆ నిర్ణయంపై అసంతృప్తి చెందిన మోతీలాల్ నెహ్రూ, లాలా లజపతిరాయ్ కూడా అప్పుడు జైలులోనే ఉన్నారు.