కృష్ణా డెల్టాలో ఫ్రాకింగ్: తాగునీటికి ముప్పు ఎటునుంచి?

పటమట పాఠకుడు, విజయవాడ:
షేల్ అనే రాతిపొరల్లో చిక్కుకున్న షేల్ గ్యాస్ అన్వేషణకు ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా సంస్థలకు కేంద్రం 2013లో అనుమతి ఇచ్చింది. కృష్ణా–గోదావరి బేసిన్ పేరు అప్పటి నుంచీ వినిపిస్తోంది. రాతిపొరను నీటి ఒత్తిడితో చీల్చి గ్యాస్ తీసే ఈ హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ (ఫ్రాకింగ్) వల్ల మనం తాగే నీటికి ప్రమాదం ఉందా? తెలిసినవారు ఆధారాలతో చెప్పగలరు.

గుంటూరు ఇంజినీరు:
భయం అవసరానికి మించి ఉందని నా అభిప్రాయం. షేల్ పొరలు సాధారణంగా కిలోమీటర్ల లోతున ఉంటాయి. తాగునీటి బోర్లు అందులో పదో వంతు కూడా దిగవు. అంత మందమైన రాయిని దాటుకుని చీలిక పైకి రావడం దాదాపు అసాధ్యం. తాగునీటి వనరులపై విస్తృత ప్రభావం ఉన్నట్లు ఆధారాలు కనబడలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫ్రాకింగ్‌పై 2015 ముసాయిదా నివేదికలో రాసింది. మనం వాడే సహజవాయువులో దాదాపు సగం దిగుమతి అవుతోందన్న సంగతీ మరువరాదు.

కృష్ణలంక వాసి, విజయవాడ:
ఇంజినీరు గారూ, చీలిక విషయంలో మీరన్నది నిజమే. అయితే ఆ ముసాయిదా వాక్యం 2016 డిసెంబరు నాటి తుది నివేదికలో లేదు. దానికి తగిన ఆధారం చూపలేదని ఆ సంస్థ సొంత శాస్త్ర సలహా మండలే ఆక్షేపించడంతో దాన్ని తొలగించి, కొన్ని పరిస్థితుల్లో తాగునీరు దెబ్బతినగలదని రాశారు. రసాయనాలు నేలమీద ఒలకడం, బావిలో దించే కేసింగ్ గొట్టం చుట్టూ సిమెంటు సరిగా పట్టకపోవడం, అడుగున పొర వేయని గుంటల్లో వ్యర్థజలం నిల్వ చేయడం వంటివే ఆ పరిస్థితులు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బావి నుంచి తిరిగి పైకి వచ్చే ఆ వ్యర్థజలమే. అది చాలాచోట్ల సముద్రపు నీటికంటే ఉప్పగా ఉంటుంది. బ్రోమైడ్, బేరియం, కొన్నిచోట్ల రేడియం కూడా అందులో ఉంటాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో దీన్ని శుద్ధి కేంద్రాలకు పంపి నదుల్లో వదిలారు. ఆ కేంద్రాలు ఉప్పును తీయలేవు. బ్రోమైడ్ చేరిన నీటికి దిగువ పట్టణాలు క్లోరిన్ కలిపితే ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు పెరుగుతాయి. 2011లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే కలుగజేసుకుని, అలా పంపడం ఆపాలని కంపెనీలను కోరింది.

విజయవాడ, గుంటూరు నగరాలకు ప్రధానంగా అందేది ప్రకాశం బరాజ్ ఎగువ నీరు కనుక ఈ ప్రమాదం మనకు దూరమనిపించవచ్చు. కానీ గ్యాస్ బావులున్నది దిగువన, బంటుమిల్లి, కైకలూరు వైపు. అక్కడ చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. కాలువలు కట్టేసేలోగా నింపుకున్న మంచినీళ్ల చెరువే వేసవంతా ఆధారం. తుపాను వానకు వ్యర్థజలపు గుంట గట్టు తెగి ఆ నీరు చెరువులో కలిస్తే, మళ్లీ కాలువ వచ్చేదాకా కదలకుండా అక్కడే నిలుస్తుంది. చెరువు పక్కనున్న ఇసుక ఫిల్టరు బురదను ఆపుతుందే గాని ఉప్పును ఆపలేదు.

గుంటూరు ఇంజినీరు:
అది నిర్వహణ లోపం, సాంకేతికత లోపం కాదు. గుంటలకు బదులు మూసిన ట్యాంకులు పెట్టి, సిమెంటు పట్టును బావిలోకి పరికరం దించి చేసే లాగింగ్ పరీక్షతో నిర్ధారించుకుంటే ముప్పు చాలావరకు తగ్గుతుంది. దానికోసం పనినే నిషేధించనక్కరలేదు.

కృష్ణలంక వాసి, విజయవాడ:
నిర్వహణను అడిగేవారుండాలి గదండీ. పర్యావరణ అనుమతుల నిబంధనలకు కేంద్రం 2020 జనవరిలో చేసిన సవరణతో అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర లేకుండా పోయింది. పెన్సిల్వేనియాలోని డిమాక్ అనే ఊళ్లో ఇళ్ల బావుల్లో మీథేన్ (సహజవాయువులో ముఖ్యభాగం) కనిపించినప్పుడు, అది ముందునుంచీ ఉన్నదేనని కంపెనీ వాదించింది. 2009లో మొదలైన ఆ గొడవ క్రిమినల్ కేసుదాకా వెళ్లి 2022లో గాని కొలిక్కి రాలేదు. ఇక్కడ అలా కాకూడదంటే రిగ్గు దిగకముందే చుట్టుపక్కల ప్రతి చెరువులో, బోరులో మీథేన్, క్లోరైడ్, బ్రోమైడ్, బేరియం ఎంతెంత ఉన్నాయో కొలిచి, ఆ లెక్క గ్రామ సచివాలయంలో అంటించాలి. ఖర్చు కంపెనీ భరించాలి, నమూనాలు మాత్రం కంపెనీ మనుషులు తీయకూడదు. ఇది జరగనంతవరకు డెల్టాలో ఒక్క బావిలోనూ ఫ్రాకింగ్‌కు నేను ఒప్పుకోను.